పాత పైథాన్ వెర్షన్లకు సపోర్ట్ ఆపడం: ఏది ముందు, ఏది తర్వాత

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కొంత సీ కోడ్ కూడా ఉన్న పైథాన్ లైబ్రరీ, ఇప్పటిదాకా 3.8 నుంచి పై వెర్షన్లన్నిటి మీదా నడుస్తోంది. 3.8, 3.9 లను వదిలేద్దామనుకుంటున్నారు. మేజర్ వెర్షన్ పెంచాలా, పాతవాటి మీదే ఉండిపోయినవాళ్ల సంగతేంటి, పని ఏ వరసలో చేయాలి.

వదిలేయండి. 3.8కి 2024 అక్టోబరులో, 3.9కి 2025 అక్టోబరులో పైథాన్ బృందం భద్రతా సవరణలు కూడా ఆపేసింది. భాషను తయారుచేసేవాళ్లే మూసేసిన వెర్షన్‌ని, ఖాళీ సమయంలో పనిచేసే మీరు మోయనక్కర్లేదు. అయితే ఒక్క కొలబద్ద పెట్టుకోండి. మీరు కొత్త రిలీజ్ ఇచ్చిన రోజు 3.9 మీద ఉన్న మనిషి పిప్ (పైథాన్ ప్యాకేజీలు దించే పనిముట్టు) ఇన్‌స్టాల్ కొడితే అతనికి ఎర్రర్ రాకూడదు, 3.9 మీద నడిచే మీ చివరి రిలీజే దిగాలి. అతని పని అతనిది సాగిపోవాలి. కింద చెప్పేదంతా దీనికోసమే.

అసలు పనంతా చేసేది ఒక్క వరస

ప్రాజెక్టు అమరికలుండే పైప్రాజెక్ట్ టామ్ల్ ఫైల్‌లో రిక్వైర్స్-పైథాన్ అని ఒక వరస ఉంటుంది. మీరు ప్యాకేజీ కట్టినప్పుడు అది వీల్ (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా కట్టిన ప్యాకేజీ ఫైల్) లోపలి మెటాడేటాలోకి వెళ్తుంది. పైథాన్ ప్యాకేజీల భాండారమైన పైపీఐ దాన్ని చదివి, తన సూచీ పేజీలో ప్రతి ఫైల్ లింకు పక్కనా ఒక గుణంగా రాస్తుంది. పిప్ ఆ సూచీ తెరిచినప్పుడు, తాను నడుస్తున్న పైథాన్‌కి సరిపడని ఫైళ్లను డౌన్‌లోడ్ చేయకుండానే పక్కన పెట్టి, మిగిలినవాటిలో పెద్ద వెర్షన్‌ని ఎంచుకుంటుంది. పిప్‌కి ఈ తెలివి 2016 నవంబరులో వచ్చిన 9.0తో వచ్చింది. ఐపైథాన్ 6.0 (2017 ఏప్రిల్), జాంగో 2.0 (2017 డిసెంబరు) పైథాన్ 2ని వదిలేసినా, పైథాన్ 2 మీద ఉన్నవాళ్లకు పాత రిలీజులే దిగుతూ వచ్చాయంటే దీని పుణ్యమే. ఇవాళ 3.8 మీద ఉన్నవాళ్ల దగ్గర 9.0 కంటే పాత పిప్ ఉండే అవకాశం దాదాపు లేదు కాబట్టి మీరు ఈ యంత్రాంగాన్ని నమ్ముకోవచ్చు.

నమ్ముకునే ముందు అది ఎక్కడెక్కడ మోసపోతుందో తెలియాలి.

మొదటిది, గుర్తు తప్పుగా రాయడం. 3.9 వద్దు కదా అని ">3.9" అని రాస్తే 3.9.18 ఉన్న యంత్రం హాయిగా లోపలికి వస్తుంది, ఎందుకంటే 3.9.18 అనేది 3.9 కంటే పెద్దదే. ">=3.10" అనే రాయండి.

రెండోది, పై హద్దు పెట్టడం. "ఇంకా పరీక్షించలేదు కదా" అని "<3.14" అని చేరుస్తారు కొందరు. దాని ఫలితం వాళ్లు అనుకున్నదానికి పూర్తిగా వ్యతిరేకం. 3.14 మీద ఉన్న పిప్ మీ కొత్త రిలీజును పక్కన పెట్టి, హద్దు లేని ఏ రెండేళ్ల కిందటి రిలీజో వెతికి పట్టుకుని దాన్ని దించుతుంది. కొత్త పైథాన్‌కి అన్నిటికంటే పాత కోడ్ దొరుకుతుంది! ప్రాజెక్టుల్ని, డిపెండెన్సీల్ని చూసుకునే పనిముట్టు పొయెట్రీ 2.0 కంటే పాత వెర్షన్లతో ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్లకు "<4.0" అన్న హద్దు తెలియకుండానే వచ్చేది, దాన్నీ తీసేయండి. ఈ వరస కింది హద్దు కోసమే పనికొస్తుంది.

మూడోది, సరిదిద్దే వీలు లేకపోవడం. పైపీఐలోకి ఒకసారి ఎక్కిన ఫైల్ మెటాడేటాని మార్చలేరు. 3.10 సింటాక్స్ ఉన్న రిలీజు, ">=3.8" అన్న పాత వరసతో బయటికి వెళ్లిందనుకోండి. 3.8 వాళ్లందరికీ అదే దిగి ఇంపోర్ట్ దగ్గర సింటాక్స్ ఎర్రర్‌తో చస్తుంది. అప్పుడు చేయాల్సింది ఒకటే: ఆ రిలీజును యాంక్ చేసి (డిలీట్ చేయకుండా, వాడొద్దని గుర్తు పెట్టి), సరైన వరసతో వెంటనే ఇంకో ప్యాచ్ రిలీజు ఇవ్వడం. యాంక్ చేసిన వెర్షన్‌ని పిప్ మామూలుగా ఎంచుకోదు, కానీ "==" పెట్టి ఖచ్చితంగా అదే అడిగినవాళ్లకు ఇస్తుంది, కాబట్టి ఎవరి లాక్ ఫైలూ (ఖచ్చితమైన వెర్షన్లు రాసుకున్న జాబితా) విరగదు. డిలీట్ మాత్రం చేయకండి. చేస్తే అవి కూడా విరుగుతాయి.

నాలుగోది, ఆ సూచీ పేజీని మధ్యలో వేరేవాళ్లు తిరగరాయడం. కంపెనీల లోపల నడిచే కొన్ని పాత మిర్రర్లు (పైపీఐ నకళ్లు) పైపీఐ సూచీని తిరిగి తయారుచేసేటప్పుడు ఆ గుణాన్ని వదిలేస్తాయి. అక్కడి పిప్‌కి ఆ హద్దు కనపడదు, నేరుగా కొత్త రిలీజు మీదికే వెళ్తుంది. "పైపీఐ నుంచి బాగానే ఉంది, ఆఫీసులో మాత్రం ఫెయిలవుతోంది" అని ఎవరైనా రాస్తే మొదట అడగాల్సిన ప్రశ్న, ఏ ఇండెక్సు నుంచి దించుతున్నారని.

ఐదోది, సూచీని అసలు తాకని దారులు. గిట్ రిపోజిటరీ నుంచి నేరుగా మెయిన్ బ్రాంచ్‌ని ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు వెనక్కి తగ్గడానికి పాత రిలీజంటూ ఉండదు. "ఈ ప్యాకేజీకి వేరే పైథాన్ కావాలి" అన్న ఎర్రరే వస్తుంది. స్థిరమైన ఒకే చిరునామాలో మీరు పెట్టే ఇన్‌స్టాల్ స్క్రిప్టు ఉంటే అదీ అంతే. పిప్ బృందానికే ఇది ఎదురైంది: 2021 జనవరిలో పిప్ 21.0 పైథాన్ 2.7, 3.5 లను వదిలేసింది. పిప్‌ని ఎక్కించే గెట్-పిప్ స్క్రిప్టు మాత్రం ఎప్పటి చిరునామాలోనే కొత్త కోడ్‌తో మారింది. పైథాన్ 2.7 డాకర్ ఫైళ్లలో ఆ చిరునామా రాసుకున్నవాళ్ల బిల్డులు ఎఫ్-స్ట్రింగ్ దగ్గర సింటాక్స్ ఎర్రర్‌తో పడిపోయాయి. పాత వెర్షన్లకు వేర్వేరు చిరునామాలు ఉన్నాయి, వాటికి మారాకే తేరుకున్నాయి. మీ ప్రాజెక్టు డాకర్ ఇమేజ్ ఇస్తుంటే "లేటెస్ట్" ట్యాగుకీ ఇదే వర్తిస్తుంది.

ఎవరు మిగిలారో చూడటం

పైపీఐ డౌన్‌లోడ్ లెక్కలు గూగుల్ బిగ్‌క్వెరీలో అందరికీ తెరిచే ఉంటాయి. పైథాన్ మైనర్ వెర్షన్ వారీగా చూపించే పైపీఐస్టాట్స్ అనే చిన్న పనిముట్టు కూడా ఉంది. మీ ప్యాకేజీకి గత మూడు నెలల లెక్క తీయండి. కానీ ఆ అంకెను మనుషుల సంఖ్యగా చదవకండి. డౌన్‌లోడ్లలో ఎక్కువ భాగం సీఐ (ప్రతి మార్పుకీ టెస్టులు తనంతట తాను నడిపే ఏర్పాటు) యంత్రాలవి. ప్రతి కమిట్‌కీ కొత్తగా దించుకునే ఒక్క ప్రాజెక్టు, క్యాష్ వాడే వెయ్యిమందిని మించిపోతుంది. వెర్షన్ ఖాళీగా ఉన్న వరసలు మిర్రర్లవీ బ్రౌజర్లవీ, వాటిని తీసేయాలి. శాతం కంటే దిశ ముఖ్యం: నెలనెలా తగ్గుతోందా, ఒకచోట గడ్డకట్టిందా.

గడ్డకడితే దాని వెనక సాధారణంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. 3.8 విషయంలో అది విండోస్ 7. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద ఇన్‌స్టాల్ కాదు, కాబట్టి ఆ యంత్రాలున్న కాలేజీ ల్యాబులూ ఆఫీసులూ 3.8 దగ్గరే ఆగిపోతాయి. ఉబుంటు 20.04తో వచ్చేదీ 3.8యే. 3.9కి వస్తే రెడ్ హ్యాట్ 9లో సిస్టమ్ పైథాన్ అదే, దాని సపోర్ట్ 2032 దాకా ఉంది. డెబియన్ 11లోనూ, అమెజాన్ లైనక్స్ 2023లోనూ అదే. "రెడ్ హ్యాట్ 2032 దాకా ఇస్తోంది, మీరెందుకు ఆపుతున్నారు" అని తప్పకుండా అడుగుతారు. ఆ పదేళ్ల సపోర్ట్ రెడ్ హ్యాట్ తన కస్టమర్లకు అమ్ముతున్న సేవ. తన రిపోజిటరీలోని ప్యాకేజీలకు సవరణలు తానే వెనక్కి తెచ్చుకుంటుంది. పైపీఐ నుంచి మీ సరికొత్త రిలీజు కావాలనుకునేవాళ్లకు అదే రెడ్ హ్యాట్ 9 మీద 3.11, 3.12 ప్యాకేజీలు పక్కనే దొరుకుతాయి, సిస్టమ్ పైథాన్‌ని ముట్టుకోకుండా. జవాబులో ఈ దారి చూపించండి, వాదనకు దిగొద్దు.

ఎప్పుడు ఆపాలన్నదానికి ప్రతిసారీ చర్చ పెట్టకుండా ఒక విధానం రాసిపెట్టుకోవడం మేలు. సైంటిఫిక్ పైథాన్ ప్రాజెక్టులు పాటించే స్పెక్ 0 ప్రకారం పైథాన్ వెర్షన్ విడుదలైన మూడేళ్లకు వదిలేస్తారు. నంపై లాంటి పెద్ద సీ కోడ్ ఉన్నవాళ్లకు ప్రతి అదనపు వెర్షనూ మరో వరస వీల్స్, కాబట్టి ఆ తొందర అర్థమవుతుంది. అమెజాన్ బోటో3 గడువు ముగిశాక మరో ఆరు నెలలు ఇస్తుంది. మీ స్థాయి లైబ్రరీకి నా సలహా: పైథాన్ అధికారిక గడువు ముగిసిన తర్వాత వచ్చే మొదటి మైనర్ రిలీజులో ఆపడం. రీడ్‌మీలో ఒక్క వాక్యం చాలు. ప్రతి అక్టోబరులోనూ ఒక వెర్షన్ రాలుతుందని అందరికీ ముందే తెలుస్తుంది.

మేజరా, మైనరా

మీ ఏపీఐ మారకపోతే మైనర్ చాలు. రిక్వెస్ట్స్ 2.28.0 (2022 జూన్) పైథాన్ 2.7నీ 3.6నీ మైనర్ రిలీజులోనే వదిలింది. యూఆర్ఎల్‌లిబ్3 మాత్రం 2.0 దాకా ఆగింది, ఎందుకంటే దానితోపాటు ఏపీఐలోనూ మార్పులు పెట్టుకుంది. మేజర్ వెర్షన్ పెంచితే, మీ మీద "<3" అని హద్దు పెట్టుకున్న ప్రాజెక్టులన్నీ, కొత్త పైథాన్ మీద ఉన్నవి కూడా, అకారణంగా ఆగిపోతాయి. పాతవాళ్లని కాపాడే పని మెటాడేటా చేస్తోంది. ఇక మేజర్ అంకె వల్ల వాళ్లకు అదనంగా ఒరిగేదేమీ లేదు.

ప్యాచ్ రిలీజులో మాత్రం ఎప్పుడూ చేయకండి. అంతకంటే ముఖ్యం: భద్రతా సవరణ ఉన్న రిలీజుతో కలిపి చేయకండి. 3.9 మీద ఉన్నవాళ్లకు ఆ రిలీజు కనపడదు, లోపం ఉన్న పాతదే దిగుతుంది, ఎర్రరూ రాదు. మనం ఇంత జాగ్రత్తగా సాధించిన ఆ నిశ్శబ్దమే అక్కడ ప్రమాదం. సవరణని ముందు పాత వరసలో విడుదల చేసి, కనీసం ఒక రిలీజు తర్వాతే వెర్షన్ ఆపండి.

పని వరస

ముందు చివరి మంచి రిలీజు. 3.9 మీద ఉన్నవాళ్లు ఇక ఏళ్ల తరబడి దీనిమీదే బతుకుతారు కాబట్టి దీనికి శ్రద్ధ పెట్టాలి. తెలిసిన బగ్గులు సరిచేయండి, సగం చేసిన కొత్త ఫీచర్లు ఇందులో పెట్టకండి, చేంజ్‌లాగ్ మొదటి వరసలోనే "3.8, 3.9 లకు ఇదే చివరి రిలీజు" అని రాయండి. డిపెండెన్సీలకు భయపడి పై హద్దులు పెట్టాల్సిన పని లేదు: మీరు ఆధారపడ్డ ప్యాకేజీలు కూడా ఈ పాత పైథాన్లను వదిలేస్తూ పోతాయి, అవి సరైన మెటాడేటా పెట్టినంతవరకు 3.9 మీద వాటి పాత రిలీజులే దిగుతాయి.

ఇంపోర్ట్ చేయగానే హెచ్చరిక చూపించాలా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. డెప్రికేషన్ వార్నింగ్ పెడితే వాడేవాళ్లలో చాలామందికి కనపడదు. నేరుగా మెయిన్ స్క్రిప్టులో పుట్టినవి తప్ప మిగతావాటిని పైథాన్ మామూలుగా దాచేస్తుంది. ఫ్యూచర్ వార్నింగ్ పెడితే అందరికీ కనపడుతుంది, కానీ పైటెస్ట్‌లో హెచ్చరికలన్నిటినీ ఎర్రర్లుగా మార్చుకున్న ప్రాజెక్టుల టెస్టులు పడిపోతాయి. మీ లైబ్రరీని మనుషులు సూటిగా వాడతారా, ఇంకో లైబ్రరీ కిందుగా వస్తుందా అన్నదాన్నిబట్టి తేల్చుకోండి. కిందుగా వచ్చేదైతే హెచ్చరిక వద్దు. దాన్ని చూసే మనిషి చేయగలిగిందేమీ ఉండదు.

తర్వాత ఒకే పుల్ రిక్వెస్టులో మెటాడేటా, సీఐ. రిక్వైర్స్-పైథాన్ మార్చడం, క్లాసిఫయర్లలో 3.8, 3.9 వరసలు తీసేయడం, టాక్స్ లేదా నాక్స్ (పలు పైథాన్ల మీద టెస్టులు నడిపే పనిముట్లు) పట్టికా సీఐ మ్యాట్రిక్సూ తగ్గించడం, అన్నీ కలిపి. క్లాసిఫయర్లు పిప్‌ని ఏ రకంగానూ ఆపవు, అవి పైపీఐ పేజీ మీద చూపించడానికే. వాటిని మార్చి పని అయిపోయిందనుకోవడం తరచూ జరిగే తప్పు. మెటాడేటా, సీఐ మార్పులు రెండూ విడగొడితే మధ్యలో ఎవరో రిలీజు కొట్టే ప్రమాదం ఉంది: 3.9 మీద పరీక్షే జరగని కోడ్, 3.9 వాళ్లకు దిగుతుంది.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో రెండు చోట్ల జనం ఇరుక్కుంటారు. యామ్ల్ ఫైల్‌లో 3.10 అని కొటేషన్లు లేకుండా రాస్తే అది దశాంశ సంఖ్యగా మారి 3.1 అవుతుంది; ఆ వెర్షన్ దొరక్క జాబ్ ఫెయిలవుతుంది. వెర్షన్లన్నిటికీ కొటేషన్లు పెట్టండి. రెండోది ఇంకా చిరాకు పెట్టేది: బ్రాంచ్ రక్షణ నియమాల్లో "టెస్ట్ 3.8" అన్న జాబ్ తప్పనిసరి అని ఎప్పుడో టిక్ పెట్టి ఉంటారు. మ్యాట్రిక్స్‌లోంచి దాన్ని తీసేశాక ఆ జాబ్ ఇక ఎప్పటికీ నడవదు, ప్రతి పుల్ రిక్వెస్టూ దాని ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మిగతా జాబులన్నిటి మీదా ఆధారపడే ఒక చివరి జాబ్ పెట్టి, దాన్నొక్కదాన్నే తప్పనిసరి చేయండి. ఆ చివరి జాబ్ ఎప్పుడైనా నడిచేలా షరతు పెట్టి, లోపల మిగతావాటి ఫలితాలను పరిశీలించాలి. షరతు లేకపోతే ముందు జాబ్ ఫెయిలైనప్పుడు ఇది స్కిప్ అవుతుంది, స్కిప్ అయినదాన్ని గిట్‌హబ్ పాసైనట్టే లెక్కేస్తుంది.

కోడ్ శుభ్రం చేయడం మూడో పని, వేరే పుల్ రిక్వెస్టులో. పాత సింటాక్సుని కొత్తదిగా మార్చే పనిముట్లు, అంటే రఫ్ లోని యూపీ నియమాలు గానీ పైఅప్‌గ్రేడ్ గానీ చాలావరకు చేసేస్తాయి. రఫ్ మీ రిక్వైర్స్-పైథాన్ వరసనే చూసి ఏ వెర్షన్‌కి మార్చాలో తెలుసుకుంటుంది, అందుకే మెటాడేటా ముందు. యంత్రం చేసిన మార్పులు ఒక కమిట్, చేత్తో చేసినవి ఇంకో కమిట్. యంత్రం కమిట్ హ్యాష్‌ని గిట్ బ్లేమ్ పట్టించుకోని కమిట్ల ఫైల్‌లో రాసిపెట్టండి, లేకపోతే సగం ఫైళ్లకు చరిత్ర ఆ ఒక్క రోజు దగ్గరే ఆగిపోతుంది.

యంత్రం చూడలేనివి కొన్ని కళ్లతో చూడాలి. టైప్ రాసేటప్పుడు ఆప్షనల్ బదులు నిలువు గీత వాడొచ్చు 3.10 నుంచి. కానీ ఎడమవైపు కొటేషన్లలో క్లాసు పేరు ఉంటే, అంటే అది స్ట్రింగ్ అయితే, స్ట్రింగ్‌కీ నన్‌కీ మధ్య గీత పెట్టినట్టవుతుంది, రన్ టైమ్‌లో టైప్ ఎర్రర్ వస్తుంది. మొత్తం టైపుని కొటేషన్లలో పెట్టండి. ఫ్యూచర్ మాడ్యూల్ నుంచి యానొటేషన్స్ తెచ్చుకునే వరసని 3.10 కదా అని తీసేయకండి, 3.14 దాకా దాని అవసరం ఉంది, తీస్తే ఫైల్ కిందిభాగంలో నిర్వచించిన పేర్లన్నీ నేమ్ ఎర్రర్ ఇస్తాయి. వెర్షన్‌ని స్ట్రింగ్‌గా పోల్చే పాత కోడ్ ఉంటే ఇప్పుడే పట్టుకోండి: అక్షరాల వరసలో "3.10" అనేది "3.9" కంటే ముందొస్తుంది. పాత వెర్షన్ల తేడాలు సర్దే మీ కంపాట్ ఫైల్ ఖాళీ అయిపోయిందని తొలగించే ముందు, పేరు ముందు అండర్‌స్కోర్ ఉన్నా సరే, బయటి ప్రాజెక్టులు దాన్నుంచి ఏమైనా తెచ్చుకుంటున్నాయేమో గిట్‌హబ్ కోడ్ సెర్చ్‌లో ఒక్కసారి వెతకండి.

డిపెండెన్సీల షరతులు కూడా చూడాలి. 3.9 కంటే తక్కువైతే బ్యాక్‌పోర్ట్స్ జోన్ఇన్ఫో కావాలన్న వరస తీసేయొచ్చు. 3.11 కంటే తక్కువైతే టామ్లీ (టామ్ల్ ఫైళ్లు చదివే ప్యాకేజీ) కావాలన్నది మాత్రం ఉంచాలి, 3.10 ఇంకా మీ జాబితాలో ఉంది, పైథాన్‌లోనే వచ్చే టామ్ల్‌లిబ్ 3.11లో గానీ రాలేదు. ఊపులో ఇది కూడా తీసేస్తే మ్యాట్రిక్స్‌లో 3.10 ఒక్కటే ఎర్రగా మారుతుంది. మారితే మంచిదే, టెస్టులకని విడిగా టామ్లీ ఇన్‌స్టాలై ఉంటే మాత్రం మారదు. అందుకే టెస్ట్ డిపెండెన్సీలు లేకుండా, ప్యాకేజీని మాత్రమే ఇన్‌స్టాల్ చేసి ఇంపోర్ట్ చేసే చిన్న జాబ్ ఒకటి పెట్టుకోండి.

సీ కోడ్, వీల్స్

మీరు లిమిటెడ్ ఏపీఐతో (పలు పైథాన్ వెర్షన్లకు ఒకే బైనరీ సరిపోయేలా చేసే సీ ఏపీఐ భాగం) ఒకే వీల్ ఇస్తుంటే మూడు చోట్ల అంకె మారాలి: సీ మాక్రోలో, బిల్డ్ అమరికలో ఉండే వీల్ ట్యాగులో, రిక్వైర్స్-పైథాన్‌లో. వీల్స్ కట్టే సీఐబిల్డ్‌వీల్ మూడోదాన్ని తనంతట తాను చదువుకుని 3.8, 3.9 బిల్డులను వదిలేస్తుంది కానీ మొదటి రెండూ మీరే మార్చాలి. ట్యాగు 3.9 అని ఉండి మాక్రో 3.10 అయితే, ఆ వీల్ 3.9 మీద లోడయ్యేటప్పుడు సింబల్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. మాక్రో హెక్స్‌లో ఉంటుంది, అక్కడ పది అంటే "ఏ" అన్న ఒకే అక్షరం. అలవాటులో 1, 0 అని రెండంకెలు కొడితే అది పైథాన్ 3.16 అవుతుంది. మార్చాక సీ కోడ్‌కి మంచి లాభాలున్నాయి. మాడ్యూల్‌కి ఆబ్జెక్టు చేర్చే పాత ఫంక్షన్ సఫలమైతేనే రిఫరెన్సును తీసుకుంటుంది, విఫలమైతే తీసుకోదు. అక్కడ లీకులు రాయడం చాలా తేలిక. 3.10లో వచ్చిన రెఫ్ రకం ఫంక్షన్‌లో ఆ తిరకాసు లేదు, దానికి మారండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. రిక్వైర్స్-పైథాన్ లాంటి కాపలా పైథాన్ వెర్షన్‌కి మాత్రమే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ గ్లిబ్‌సీకీ (లైనక్స్ మూల సీ లైబ్రరీ) కంపైలర్‌కీ లేదు. మెనీలైనక్స్ 2014 (లైనక్స్ వీల్స్‌కి ఒక ప్రమాణం) వీల్స్ ఆధారపడ్డ సెంటాస్ 7కి 2024 జూన్‌లో గడువు ముగిసింది కాబట్టి, ఎలాగూ పాతవి వదిలేస్తున్నాం కదా అని మెనీలైనక్స్ 2.28కి కూడా ఇదే రిలీజులో మారాలనిపిస్తుంది. మారితే గ్లిబ్‌సీ 2.26 ఉన్న అమెజాన్ లైనక్స్ 2 మీద, పైథాన్ 3.11 పెట్టుకున్న మనిషికి ఏమవుతుందో చూడండి. పిప్‌కి సరిపడే వీల్ కనపడదు. పాత రిలీజుకి తగ్గదు కూడా, ఎందుకంటే కొత్త రిలీజు ఎస్‌డిస్ట్ (సోర్సు కోడ్ ప్యాకేజీ) అక్కడే ఉంది, దాని వెర్షన్ పెద్దది. దాన్ని దించి కంపైల్ చేయబోతుంది, జీసీసీ లేక పడిపోతుంది.

క్రిప్టోగ్రఫీ లైబ్రరీ 2021 ఫిబ్రవరిలో 3.4 విడుదల చేసి రస్ట్ కోడ్ తెచ్చినప్పుడు జరిగిందిదే. మామూలు లైనక్స్ వాళ్లకు వీల్స్ ఉన్నాయి, వాళ్లకు తెలియనే లేదు. గ్లిబ్‌సీ బదులు మజల్ అనే సీ లైబ్రరీ వాడే ఆల్పైన్ లైనక్స్ ఇమేజులకు అప్పటికి మజల్-లైనక్స్ వీల్స్ అన్న ప్రమాణమే లేదు. అక్కడ ప్రతి ఇన్‌స్టాలూ సోర్సు నుంచే, దానికి ఇప్పుడు రస్ట్ కంపైలర్ కావాలి. రాత్రికి రాత్రి ఎన్నో డాకర్ బిల్డులు ఆగిపోయాయి. ఆ నిర్ణయం భద్రత దృష్ట్యా సరైనదేనని నా అభిప్రాయం. కానీ పైథాన్ వెర్షన్ ఆపడం, ప్లాట్‌ఫామ్ ఆపడం రెండూ వేర్వేరు పనులని అది చూపించింది. మీరు వాటిని కనీసం ఒక మైనర్ రిలీజు ఎడంగా చేయండి, ప్లాట్‌ఫామ్ మార్పుకి మాత్రం ముందు రిలీజులోనే ప్రకటన ఇవ్వండి.

విడుదలకు ముందు పరీక్ష

వీల్ అంటే జిప్ ఫైలే. కట్టిన వీల్‌ని తెరిచి మెటాడేటా ఫైల్‌లో రిక్వైర్స్-పైథాన్ వరస ఉందో లేదో కళ్లతో చూడండి. ఎస్‌డిస్ట్‌లో పీకేజీ-ఇన్ఫో ఫైల్‌లో కూడా. 24.2.0 కంటే పాత సెటప్‌టూల్స్‌తో ఎక్కడో కట్టిన ఎస్‌డిస్ట్‌లో ఆ వరస చేరదు, ఒక్క ఎస్‌డిస్ట్‌కి లేకపోయినా 3.9 పిప్ దాన్నే పట్టుకుంటుంది. తర్వాత టెస్ట్‌పైపీఐలోకి చివరి పాత రిలీజు, కొత్త రిలీజు రెండూ ఎక్కించి, 3.9 డాకర్ కంటెయినర్‌లోంచి వెర్షన్ చెప్పకుండా ఇన్‌స్టాల్ చేయండి. పాతది రావాలి. 3.10 కంటెయినర్‌లో కొత్తది రావాలి. కంటెయినర్ లేకపోతే పిప్ డౌన్‌లోడ్‌కి పైథాన్-వెర్షన్ 3.9 అని, డిపెండెన్సీలు వద్దని చెప్పి నడిపినా సరిపోతుంది.

తర్వాత వచ్చే ఫిర్యాదులు

పొయెట్రీ వాడేవాళ్ల నుంచి మొదటివి వస్తాయి. పొయెట్రీ, ప్రాజెక్టు ప్రకటించిన పైథాన్ పరిధి మొత్తానికీ డిపెండెన్సీ సరిపోవాలంటుంది. వాళ్ల ప్రాజెక్టు ">=3.8" అని ఉండి మీ కొత్త రిలీజే కావాలని హద్దు పెట్టుకుంటే పరిధి కుదరలేదని ఆగిపోతుంది, వాళ్ల యంత్రంలో 3.12 ఉన్నా సరే. పరిష్కారం వాళ్ల పరిధిని 3.10కి పెంచుకోవడం, లేదా మీ ప్యాకేజీకి పైథాన్ షరతుతో రెండు వరసలు రాసుకోవడం. యూవీ అనే మరో పనిముట్టులో ఇది తక్కువ. అది పైథాన్ వెర్షన్ వారీగా చీలి 3.8కి మీ పాత రిలీజునీ, 3.10 పైన కొత్తదాన్నీ ఒకే లాక్ ఫైల్‌లో పెట్టగలదు.

పాత బ్రాంచ్ ఉంచాలా? చివరి పాత రిలీజు ట్యాగు ఎలాగూ ఉంటుంది, దాన్నుంచి బ్రాంచ్ ఎప్పుడైనా తీయొచ్చు. ముందుగానే తీసి పెడితే సపోర్ట్ కొనసాగుతోందన్న అర్థం వస్తుంది. తీవ్రమైన భద్రతా లోపం బయటపడితే ఆరు నెలల దాకా సవరణ ఇస్తామని ఒక గడువు చెప్పండి, ఆ తర్వాత ఎవరైనా ప్యాచ్ పంపి టెస్టులు నడిపి చూపిస్తే విడుదల చేస్తామని రాయండి. అలా పాత వరసలో రిలీజు ఇచ్చేటప్పుడు గిట్‌హబ్‌లో "లేటెస్ట్" అన్న టిక్ తీసేయడం మరచిపోవద్దు, లేకపోతే ప్రాజెక్టు మొదటి పేజీలో పాత అంకె కూర్చుంటుంది. పైపీఐకి ఆ బెడద లేదు, అది తేదీని కాక వెర్షన్‌ని చూస్తుంది.

"నాకు 3.9 మీదే కావాలి" అన్న ఇష్యూలకు ఒకే జవాబు రాసి పెట్టుకోండి: చివరిగా పనిచేసే వెర్షన్ అంకె, దాన్ని పిన్ చేసే వరస, కొత్త పైథాన్‌కి మారే దారి, భద్రతా సవరణల గడువు. మర్యాదగా, నాలుగు వరసల్లో. ఇష్యూ మూసే ముందు వాళ్ల పిప్ నిజంగా పాత రిలీజునే దించిందా అని మాత్రం తప్పక అడగండి. దించకపోతే లోపం మీ మెటాడేటాలోనో వాళ్ల మిర్రర్‌లోనో ఉన్నట్టు, ఆ ఇష్యూ తెరిచే ఉంచాలి.